ముందు క్షిపణి

మంట లేచింది మూడో షెడ్డులో. ఫైరింజన్లు వచ్చి ఆగింది మాత్రం నాలుగో షెడ్డు ముందు.

వదిన తన కళ్లతోనే చూసింది. మూడో షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లున్నారు. క్షిపణి గొట్టంలో పోసి గట్టిపడ్డ ఇంధనాన్ని కత్తులతో చెక్కి నున్నగా చెయ్యడం వాళ్ల పని. వాళ్లలో ఒకతి ఆమె ఆడపడుచు. ఆ పిల్ల రోజుకి వందసార్లు "వదినా, వదినా" అని పిలవబట్టే ఫ్యాక్టరీ మొత్తానికీ, చివరికి గేటు కాపలావాడికీ ఆమె వదినైపోయింది. నాలుగో షెడ్డులో మనుషులెవరూ లేరు. తయారైపోయిన క్షిపణి ఒక్కటుంది.

"అటు కాదయ్యా, ఇటు! లోపల మనుషులున్నారు!" వదిన నీళ్ల పైపు పట్టుకుని గుంజింది.

"ముందు క్షిపణి తడపమన్నారమ్మా. నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు పైపు పట్టుకున్నవాడు, ఆమె మొహం చూడకుండా.

మంట పక్కకి పాకకూడదని డైరెక్టర్ మూడో షెడ్డు తలుపుకి బయట గడియ పెట్టించాడు. లోపల తలుపు బాదుతున్న చప్పుడు కాసేపు వినబడింది. తర్వాత వినబడలేదు. క్షిపణికి మసి కూడా అంటలేదు.

కాలిపోయిన శవాల్లో ఆడపడుచుని ఎత్తుపన్ను చూసి గుర్తుపట్టింది వదిన.

మూడో రోజు భోజనాల హాల్లో సంతాప సభ. డైరెక్టర్ రెండు నిమిషాలు తల వంచుకుని నిలబడి, మూడో నిమిషంలో అసలు పనిలోకి దిగాడు.

"మనం చేసేది ఆయుధం కాదు, కవచం. శత్రువు క్షిపణిని ఆకాశంలోనే కూల్చేస్తుంది. మీ పిల్లలు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతారు. పదిహేనో తారీకు ప్రయోగం ఆగదు."

తనిఖీ ఇంజనీరు లేచాడు. ఇరవై ఏళ్లుగా నోరు మెదపని మనిషి కాబట్టి అందరూ మౌనిస్వామి అంటారు.

"పదకొండు పరీక్షలు చూశాను. ఎదురొచ్చే క్షిపణి ఎప్పుడొస్తుందో, ఎటునుంచొస్తుందో ముందే చెప్పి వదిలారు. అయినా ఐదుసార్లు గురి తప్పింది. అవతలివాడు మనకి చెప్పి వేస్తాడా? ఈసారి వెళ్లేది అంతరిక్షంలోకి. మన పాత ఉపగ్రహాన్నే ముక్కలు చేసి లోకానికి చూపిస్తారట. ఆ ముక్కలు తూటాకంటే వేగంగా ఏళ్ల తరబడి తిరుగుతాయి. తుఫాను కబురు చెప్పే ఉపగ్రహాలు ఆ దారిలోనే ఉన్నాయి."

"ఆపండి సార్!" క్రేన్ బాబాయ్ కేకేశాడు. క్షిపణుల్ని క్రేన్‌తో లారీకెక్కించేది అతనే. కొడుకు సరిహద్దులో సిపాయి. "కవచం లేకపోతే నా కొడుక్కి దిక్కెవరు?"

"ఉంటే నీ కొడుకుని ఇంటికి పంపిస్తారా బాబాయ్?" వదిన లేచింది. "నాకు దెబ్బ తగల్దన్న ధీమా ఉన్నవాడే ముందు చెయ్యి చేసుకుంటాడు. అది చూసి అవతలివాడు పది క్షిపణులు చేసేచోట వంద చేస్తాడు. అక్కడా ఓ షెడ్డుంటుంది. అక్కడా ఎవరి ఆడపడుచో చెక్కుతుంటుంది. మా పిల్లని ఏ శత్రువు చంపాడు? గడియ పెట్టించిందెవరు? చెప్పు!"



క్షిపణిని ఎవరూ తాకకూడదని సాయంత్రం అందరూ చేతులెత్తి తీర్మానించారు. బాబాయ్ చెయ్యి ఒక్కటే లేవలేదు.

పదిహేనో తారీకు పొద్దున మూడొందల మంది క్షిపణిని తీసుకెళ్లే లారీ ముందు కూర్చున్నారు. పోలీసులు దిగారు. మౌనిస్వామి పళ్లు రాలగొట్టారు. వదిన చెయ్యి వెనక్కి మెలితిప్పితే ఎముక పుటుక్కుమన్న చప్పుడు పక్కవాళ్లకి వినబడింది. క్షిపణికి కొక్కెం తగిలించి ఉంది. పైన క్రేన్ కేబిన్‌లో బాబాయ్.

"ఎత్తు!" డైరెక్టర్ అరిచాడు.

బాబాయ్ ఇంజను ఆపేశాడు. ఒక్కో మెట్టూ దిగి వచ్చి వదిన పక్కన కూర్చున్నాడు.

"లే ముసలోడా!" అన్నాడు ఓ పోలీసు.

"నా కొడుకూ నీలాగే యూనిఫాం వేసుకుంటాడు బాబూ," అన్నాడు బాబాయ్.

లాఠీ తలమీద పడింది. రెండోసారి, మూడోసారి. వదిన తన మంచి చేత్తో అతని తల ఒళ్లోకి తీసుకునేసరికే ప్రాణం పోయింది.

"క్రేన్ ఇంకెవరికి వచ్చు?" డైరెక్టర్ అడిగాడు. క్రేన్ నడపడం తెలిసినవాళ్లు నలుగురున్నారు. ఒక్కడూ కదల్లేదు. వదినని ఈడ్చుకెళ్లి వ్యాన్ ఎక్కించారు.

గంటకి ఎక్కణ్ణుంచో జీపులో ఇంకో ఆపరేటర్‌ని తెచ్చారు. కుర్రవాడు. మెట్ల మీద కాలు పెట్టబోయి ఆగాడు. కింద శవం ఇంకా అలాగే ఉంది.

"ఎవరాయన?"

"క్రేన్ ఆపరేటర్," అంది గుంపులోంచి ఓ గొంతు.

కుర్రవాడు చేతి తొడుగులు విప్పి నేలకేసి కొట్టాడు. అతణ్ణీ తన్ని, ఇంకా అక్కడే ఉన్న ఆ వ్యాన్ ఎక్కించారు.

వదిన విరిగిన చెయ్యి పట్టుకుని, పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది.