కాలు పడే చోటు

మా ఆయన్ని అందరూ కమాను అంటారు. మనిషీ ఫిడేలు కమానులాగే ఉంటారు, సన్నగా, కాస్త వంగి. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన సెలవులూ నా ఓపికా పాత ఫిడేలు వరసల వెనకే పోయాయి. ఎవరో ముసలాయనకు ఇంకెవరికీ రాని వరస ఒకటి వచ్చని తెలిస్తే చాలు, ఫిడేలూ టేప్‌రికార్డరూ భుజాన వేసుకుని బయల్దేరేవారు. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా అంత హడావిడి పడలేదు.

అన్నిటిలోకీ ఆయనకు ప్రాణం దర్జీ మామ వరస. దర్జీ మామ ఆయన గురువు. మాకు చుట్టమేమీ కాదు, అందరికీ మామే. పగలు కుట్టు మిషను, సాయంత్రం ఫిడేలు. ఏళ్ళ తరబడి మిషను తొక్కిన కాలు ఊరికే ఉంటుందా? వాయిస్తూ వాయిస్తూ కమాను ఆపి, మడమతో చెక్క నేల మీద ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ దెబ్బ మీదే వరస మలుపు తిరిగేది. ఇవన్నీ నోటితో చెప్పడం వాళ్ళలో లేదు. వినాలి, పట్టుకోవాలి, అంతే. మామ పోయాక ఆయన దగ్గర ఆ వరస నేర్చుకున్నవాళ్ళు మా ఆయన ఒక్కరే మిగిలారు.

అరిగిపోతుందని ఇంట్లో మమ్మల్ని ముట్టుకోనివ్వని టేపును, మామ వాయిస్తుండగా తను రికార్డు చేసుకున్నదాన్ని, సంగీత కళాశాల వాళ్ళు అడగ్గానే మా ఆయన ఇచ్చేశారు. శుభ్రం చేసి లోకానికి వినిపిస్తామన్నారు మరి. కొన్నాళ్ళకు పిలిచి వినిపించారు. మా ఆయన మొహం మాడిపోయింది. వాళ్ళ సౌండు ఇంజనీరు మడమ దెబ్బల్ని రొద అనుకుని తీసేశాడు. ఆ చోట్లు ఖాళీగా మిగిలితే, బాగాలేవని రెండు పక్కలా లాగి అతికించాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. అసలు టేపేదంటే, బూజు పట్టిందని పారేశామన్నారు.

"అది రొద కాదండీ, వరసలో భాగం," అన్నారు మా ఆయన.

"ఇప్పుడెంత హాయిగా సాగుతోందో చూడండి. జనానికి ఇలా ఉంటేనే ఎక్కుతుంది," అన్నాడు ప్రిన్సిపాలు.

నాకు ఒళ్ళు మండింది. అమ్మాయితో చెప్పిద్దామన్నాను. మా అమ్మాయి అక్కడే ఫిడేలు టీచరు.

"దాన్ని ఇరికించకు, దాని ఉద్యోగం అక్కడే," అన్నారు. "అయినా కళాశాల సభలో ఆ వరస వాయించేది అదేగా. చిన్నప్పుడే నేర్పాను. దాని చేతిలో ఉంటే చాలు, ఇక పోదు."

సభలో ముందు వరసలో కూర్చున్నాం. అమ్మాయి మొదలుపెట్టింది. మొదటి మలుపు దగ్గర ఆయన మడమ పడింది. కానీ అమ్మాయి కమాను ఆగలేదు, ముందుకు వెళ్ళిపోయింది. రెండో మలుపు దగ్గరా అంతే. పక్కాయన వంగి చెవిలో చెప్పాడు.

"పెద్దాయనా, కాస్త కాలు ఆపుకోండి. పాట చెడిపోతోంది."

ఆయన కాలు కుర్చీ కిందికి లాక్కున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు.

ఇంటికొచ్చాక అమ్మాయిని అడిగారు.

"కాలు పడే చోట్లన్నీ మింగేశావేమ్మా?"

"ఏ కాలు నాన్నా?"

ఆయన గచ్చు మీద మడమతో కొట్టి చూపించారు. అమ్మాయి కాసేపు ఆ కాలినే చూసింది.

"అక్కడ దెబ్బ ఉందా? నువ్వలా ఆగినప్పుడల్లా తర్వాతది మర్చిపోయావనుకునేదాన్ని. నీ ముందు వాయిస్తే నేనూ ఆగేదాన్ని, నువ్వు చిన్నబుచ్చుకుంటావని. ఆ రికార్డింగు విన్నాకే అసలు వరస ఇదన్నమాట అనుకున్నాను."

దానికి నేర్పే రోజుల్లో మేం మేడ మీద అద్దెకుండేవాళ్ళం. కింది వాటావాళ్ళు గోల చేస్తారని ఆయన కాలి కింద బొంత మడిచి పెట్టుకుని వాయించేవారు. దెబ్బ ఆయన ఒంటికి తెలిసేది. పిల్లకు వినిపించింది ఖాళీ ఒక్కటే.

తిడతారేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"బాగా వాయించావు. వెళ్ళి అన్నం తిను," అన్నారు.

నేర్పింది ఆయనే కదా, ఇంకెవర్ని అంటారు.