ఫోన్‌లో ఉండే అమ్మ

ఎవరింట్లో పురుడొస్తే వాళ్ళింట్లో చైనా నుంచి వచ్చిన సూచిన్‌కు నెలరోజులు మకాం. బాలింతకు వండిపెట్టడం, బిడ్డకు నీళ్ళు పోయడం, తల్లి కునుకు తీస్తే బిడ్డను భుజాన వేసుకు తిరగడం ఆమె పని. చైనావాళ్ళు బాలింతను నెల తిరిగేదాకా చన్నీళ్ళు ముట్టనివ్వరు. అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉమకు కాన్పయ్యే వేళకు వాళ్ళమ్మకు వీసా రాలేదు. పక్కింటివాళ్ళు సూచిన్ గురించి చెప్పారు. వచ్చిన మొదటిరోజే ఆమె ఉమ చెవులకు గుడ్డ కట్టి, ఫ్రిజ్‌లోని నీళ్ళ సీసాలన్నీ తీసి బయట పెట్టేసింది. ఉమకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికల్లా ‘అక్కా’ అని పిలవడం మొదలుపెట్టింది.

ఇన్ని ఇళ్ళల్లో ఇంతమంది పసివాళ్ళను సాకిన మనిషి తన కూతుర్ని మాత్రం ఆరో నెలలోనే చైనాలో తమ ఊరైన ఫుజౌకు పంపేసింది. పంపక చేసేదేముంది? భర్త ఎక్కడో ట్రాయ్ అనే ఊళ్ళో, హోటల్ వంటగదిలో. తనేమో పరాయిళ్ళల్లో. చంకలో సొంత బిడ్డ ఉన్న ఆయాను ఎవరు పెట్టుకుంటారు? ఆ ఊరి నుంచి వచ్చినవాళ్ళు చాలామంది చేసేదే అది. తెలిసినవాళ్ళ వెంట బిడ్డను విమానం ఎక్కించి నానమ్మకు అప్పజెప్పడం, బడి ఈడు రాగానే వెనక్కి రప్పించుకోవడం. కాగితాల పని తేలక సూచిన్ ఒక్కసారైనా వెళ్ళి చూసి రాలేకపోయింది. వెళితే మళ్ళీ రానిస్తారో లేదో.

అందుకని కూతురు రుయీకి అమ్మంటే ఫోనే. అక్కడ రాత్రి భోజనం వేళకు ఇక్కడ తెల్లవారుతుంది. సూచిన్ జుట్టు విప్పి దువ్వుకుని, పెదాలకు రంగు పూసుకుని, శుభ్రమైన గోడ చూసుకుని కూర్చునేది. తన అవస్థ బిడ్డ కంటపడకూడదని ఆమె పంతం. “ఆఁ అను” అనేది. అక్కడ నానమ్మ చెంచా అందించేది. పిల్ల అమ్మను చూస్తూ మింగేది.

అయిదేళ్ళు నిండాక, సూచిన్ ఉమ ఇంట్లో ఉండగానే, రుయీ వచ్చింది. వెంటబెట్టుకొచ్చింది జౌ ఆంటీ అనే ఊరావిడ. ఉమ పిల్లను తన ఇంట్లోనే ఉంచుకోమంది. ఎయిర్‌పోర్టులో సూచిన్ చేతులు చాచింది. పిల్ల జౌ ఆంటీ కోటు వెనక్కి పోయి దాక్కుంది.

“నేనే మీ అమ్మను.”

రుయీ తల అడ్డంగా ఊపింది. “మా అమ్మ ఫోన్‌లో ఉంటుంది.”

మర్నాడు సూచిన్ జుట్టు విప్పుకుని, పెదాలకు రంగు పూసుకుని ఎదురుగా నిలబడింది. పిల్ల ఇంకాస్త బెదిరిపోయింది. ఆ ముఖం కింద ఇంత నిలువెత్తు మనిషి ఉంటుందని ఆ పిల్లకు ఎవరు చెప్పారు గనక? అప్పుడు సూచిన్ ఒక పొరపాటు చేసింది. ఫోన్ మరిపిస్తే తనకు అలవాటు పడుతుందని, నానమ్మ ఇచ్చి పంపిన పాత ఫోన్ తీసి అల్మరా పైన దాచేసింది. దాంతో పిల్ల అన్నమే మానేసింది. పాలు తప్ప ఏదీ ముట్టదు.

“అక్కడ ఇమడకపోతే జౌతోనే తిప్పి పంపెయ్, ఇంకొన్నాళ్ళు నేనే చూసుకుంటా” అంది నానమ్మ ఫోన్‌లో. ఆవిడను అనడానికి లేదు, పెంచింది ఆవిడే. జౌ ఆంటీ తిరుగు ప్రయాణం ఆదివారం. శనివారం మధ్యాహ్నం సూచిన్ పిల్ల బట్టలు సర్దేసింది. దాచిన ఫోన్ కూడా ఆ సంచిలోనే పెట్టింది.

“నిన్న కాక మొన్న వచ్చింది కదక్కా. జెట్‌లాగ్ కూడా తగ్గలేదు, అప్పుడే ఎందుకు డిసైడ్ చేసేశావ్?” అంది ఉమ, బిడ్డను ఊపుతూ. వాళ్ళిద్దరి మధ్య నడిచేది సగం ఇంగ్లీషు, సగం చేతి సైగలు.

“తిండి మానేసింది చెల్లీ. కళ్ళెదుట పస్తు పెట్టేకన్నా దూరాన తింటూ ఉండటమే మేలు కదా.”

సాయంత్రం సూచిన్ జావ కాస్తుంటే ఆప్రాన్ జేబులో ఫోన్ మోగింది. సంచిలోంచి పాత ఫోన్ తీసి రుయీయే వీడియో కాల్ చేసింది. సూచిన్ గబగబా సరుకులు పెట్టుకునే ప్యాంట్రీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. జుట్టు ముడి విప్పే వ్యవధి కూడా లేదు.

“అమ్మా!”

రంగు లేని పెదాలు, చెమట పట్టిన నుదురు, ఆప్రాన్. అయినా పిల్ల చూస్తూనే గుర్తుపట్టేసింది. ఇన్నాళ్ళ ముస్తాబంతా ఎవరి కోసమో సూచిన్‌కు అర్థం కాలేదు.

“ఇన్నిరోజులు ఎందుకు చేయలేదు?”

“పనిలో ఉన్నానమ్మా. ఆకలేస్తోందా?”

ఉమ జావ గిన్నె తెచ్చి పిల్ల పక్కన కూర్చుంది. తలుపు ఇవతల సూచిన్ “ఆఁ అను” అంది. అవతల ఉమ చెంచా అందించింది. రుయీ ఆవురావురుమని తినసాగింది. కూతురు తింటోందన్న సంతోషం ఒకపక్క, ఇప్పుడు కూడా తినిపించేది పరాయి చెయ్యే అన్న దుఃఖం ఇంకోపక్క.

గిన్నె సగమయ్యాక పిల్ల గొంతు తగ్గించింది. “అమ్మా, ఇక్కడో ఆంటీ ఉంది. అందరికీ వండుతుంది, తను తినదు. నేను నిద్రపోయాననుకుని ఏడుస్తుంది. ఆమెను కూడా తినమని చెప్పవా?”

సూచిన్ బియ్యం సంచుల మధ్య చతికిలబడింది. “నువ్వే వచ్చి పెట్టు తల్లీ.”

పిల్ల చెంచా పట్టుకుని లేచి, ఎటు వెళ్ళాలో తెలియక చుట్టూ చూసింది. ఉమ వేలితో ప్యాంట్రీ వైపు చూపించింది. తలుపు తెరుచుకుంది. రుయీ ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో ఒలికిపోతున్న చెంచా. ఫోన్‌లోకి చూసింది. బియ్యం సంచుల మధ్య కూర్చున్న మనిషిని చూసింది. మళ్ళీ ఫోన్‌లోకి చూసింది. సూచిన్ కదల్లేదు. కదిలితే ఎక్కడ పారిపోతుందోనని భయం.

పిల్ల చెంచా ముందుకు చాచింది. “ఆఁ అను.”

సూచిన్ నోరు తెరిచింది. జావ చల్లారిపోయింది. ఒక్క గుటకలో మింగింది.

రుయీ ఇంకాస్త దగ్గరికొచ్చి ఆమె బుగ్గను వేలితో నొక్కి చూసింది. తడిగా, వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళలో ఫోన్ పెట్టేయడానికి ఆ పిల్ల ఏనాడూ ఒప్పుకున్నది లేదు. ఎప్పుడూ సూచినే గుండె రాయి చేసుకుని పెట్టేసేది. ఇప్పుడు రుయీ ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

“అమ్మా, ఇంక పెట్టేస్తున్నా” అని చెప్పి తనే పెట్టేసి, సూచిన్ ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది.