కొలతకు ఒక మనిషి

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, ఆషాఢం. మార్కాపురంలో బస్సెక్కి, పొదిలిలో మారి, కనిగిరి అవతల దిగి, రాళ్లదారిన కొండెక్కేసరికి అంకాలమ్మకు మోకాళ్లు పట్టేశాయి. కూతురు శ్రీశైలమ్మను ఒంటరిగా పంపడానికి మనసొప్పక వెంట వచ్చింది. బస్సు బోల్తా పడుతుందేమో, పిల్ల కాలు జారుతుందేమో అని దారి పొడుగునా బెంగే. ఇప్పుడు నెత్తిమీద గాలిమర రెక్కలు తిరుగుతున్నాయి. ఒక్కటి ఊడిపడిందంటే?

శ్రీశైలమ్మ ఫొటో స్టూడియోలో చేరి నెలయింది. గాలిమరల కంపెనీవాళ్ల క్యాలెండరుకు మంచి ఫొటో తెస్తే ఉంచుకుంటానని, లేకుంటే రేపటినుంచి రావద్దని ఓనరు తేల్చిచెప్పాడు. పొద్దున్నుంచి ఫోనులో రెండు పంపితే రెండూ వద్దన్నాడు. మర ఎంత ఎత్తుందో తెలియడం లేదట, కింద ఏదైనా ఉండాలట.

పక్కనే గొర్రెల కాపరి కాటమరాజు మంద మేస్తోంది.

"మామా, మందను ఆ స్తంభం కాడికి తోలవా? క్యాలెండరుకు ఒక్క ఫొటో."

"చూడి గొర్రెలు పాపా. గోడగోడకూ తగిలిస్తే ఊళ్లోళ్ల కళ్లన్నీ వాటిమీదనే. కడుపులు పోతే ఎవరిది పూచీ? మీయమ్మను నిలబెట్టు, ఆమెకేం దిష్టి తగుల్తాది!" అని నవ్వాడు.

గొర్రెల సంగతిలో అతని మాట అంకాలమ్మకు తప్పనిపించలేదు.

"పోదాం పా మా," అంటూ శ్రీశైలమ్మ సంచి సర్దింది.

ఫొటో లేకుండా పోతే మళ్లీ పొగాకు గ్రేడింగ్ పనే. పోయిన ఏడు అక్కడ పట్టిన దగ్గు మూడు నెలలు వదల్లేదు ఆ పిల్లకు.

"నన్నే నిలబెట్టు మే."

"నువ్వా? దాని నీడ తొక్కనీకే భయపడితివి."

"ఊడితే నామీద పడనీ. నువ్వు మాత్రం దూరంగుండు."

వెళ్లి స్తంభానికి వీపు ఆనించింది. రెక్క దిగినప్పుడల్లా తల వంచేసుకుంటోంది.

"ఇటు చూడు మా! ఇంకొకటి... ఇంకొక్కటి."

ఎన్నోదానికో అక్కడే కూలబడింది. శ్రీశైలమ్మ అదీ తీసి పంపింది. తెల్లటి స్తంభం మొదట్లో జొన్నగింజంత మనిషి.

చాలాసేపటికి ఫోను మోగింది.

"ఏమన్నాడే?"

"కూర్చున్నదే బాగుందంట. ఉద్యోగం ఉన్నట్టే మా. కాకపోతే..." శ్రీశైలమ్మ అవతలి కొండ చూపించింది. "అక్కడి మరలవి కూడా కావాలంట. నిన్ను కూర్చోబెట్టి."

అంకాలమ్మ ఆ కొండను కిందినుంచి పైదాకా చూసింది.

"అన్నా, దానికి దారుందా?"

"మేకలకైతే ఉందిలేమ్మా," అన్నాడు కాటమరాజు.

అంకాలమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది.