నిచ్చెనక్క మాట్లాడని రోజు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ నిచ్చెనక్కే. మొగుడు బోర్డులు రాసే పెయింటరు. ఆయన నిచ్చెన ఎక్కితే ఈవిడ కింద దాని కాలు తొక్కిపట్టి నిలబడేది. పెళ్ళయిన కొత్తలో పట్టుకున్న నిచ్చెన, జుట్టు నెరిసినా వదల్లేదు. "మొగుడి చెయ్యి పట్టుకోమంటే నిచ్చెన కాలు పట్టుకున్నావేమిటే?" అని అక్కచెల్లెళ్ళు నవ్వితే, "ఆ చెయ్యి ఎప్పుడు ఖాళీగా ఉంది గనక, బ్రష్షు ఉంటేనూ!" అనేది. నోటికి కాపలా పెట్టుకునే మనిషి కాదు లెండి.

ఆ నోరే ఆయనకి కొలబద్ద. ఈ సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. బోర్డులు రాసేవాళ్ళు చాలామంది ముందు సుద్దముక్కతో అక్షరాలన్నీ గీసుకుని, ఆ తర్వాత రంగు నింపుతారు. ఈయనకి అంత ఓపిక లేదు. సుద్ద పూసిన దారం బిగించి, టప్పున లాగి వదిలేవాడు. గోడమీద పైనొక తెల్లగీత, కిందొక తెల్లగీత పడేవి. ఇక ఆ గీతల మధ్య నేరుగా బ్రష్షుతో దిగిపోయేవాడు. ముక్కు గోడకి ఆనించి రాసేవాడికి చేతికింద ఉన్న అక్షరం తప్ప ఇంకేం కనిపిస్తుంది? వరస ఎలా నడుస్తోందో, చివరికి చోటు చాలుతుందో లేదో కింద ఉన్నవాళ్ళకే తెలియాలి. ఆయన బ్రష్షు ఎత్తగానే ఈవిడ నాలుగడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసి అందుకునేది.

"ఏవండోయ్, ఒళ్ళు చేస్తోంది, కాస్త తగ్గించండి."

"ఆ చివర్ది పడుకుంటోంది, లేపండి."

"అంత ఎడం దేనికండీ? మధ్యలోంచి బండి పోవాలా?"

ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఒక్కో అక్షరం కాగానే బ్రష్షు గాల్లో పెట్టి ఆగేవాడు. మాట వస్తే సరిదిద్దేవాడు. రాకపోతే బాగుందని లెక్క, ముందుకి సాగేవాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, ఆ నిచ్చెన దగ్గర మాత్రం అది పూర్తి అంగీకారమే. ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకుని చేసుకున్న ఒప్పందం కాదిది. దానంతటదే కుదిరిపోయింది.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పొద్దున చెబితే మధ్యాహ్నానికి చేతికొచ్చే బోర్డులు! వాటితో ఎవరు పోటీ పడగలరు? నిచ్చెన పెరట్లో గోడకి చేరగిలబడింది. దానిమీద ఉతికిన బట్టలు ఆరేయడం మొదలుపెట్టింది నిచ్చెనక్క. ఆయన మాత్రం బ్రష్షులు పారేయలేదు. వాడకపోయినా అప్పుడప్పుడూ కడిగి, కుచ్చులు సరిచేసి, డబ్బాలో నిలబెట్టుకునేవాడు.

అలా ఉండగా ఆయన అక్క కూతురు కెమెరా వేసుకుని దిగింది. చేత్తో రాసే బోర్డులు కనుమరుగైపోతున్నాయట, వాటిని, వాటిని రాసేవాళ్ళని సినిమా తీసి భద్రం చేస్తారట. "మావయ్యా, నువ్వు మొదటి గీత నుంచి చివరి అక్షరం దాకా ఒక గోడ రాస్తే నేను తీసుకుంటా. ఎప్పటికీ ఉండిపోతుంది" అంది. ఆయన ముఖం చూడాలి ఆ పూట! మోకాళ్ళు సహకరించడం లేదు, ఇదే తన ఆఖరి గోడ అని ఆయనకి తెలుసు. ఆఖరిది పదిమంది చూసేలా, పది కాలాలు నిలిచేలా రావాలని ఆశ పడ్డాడు. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా బయటికి తీశాడు. "రంగు పడుతుందండీ" అంటే, "పడనీయవే" అన్నాడు.

గోడ ఇచ్చింది వీధి మలుపులో తాళాలు బాగుచేసే ఆయన. షట్టరుకి పైన పొడుగాటి పట్టీ ఉంది. దానిమీద 'తాళాలు, గొడుగులు బాగు చేయబడును' అని రాయాలి. "గొడుగులు కూడా చేస్తావుటోయ్?" అని నిచ్చెనక్క ఆశ్చర్యపోయింది. "గోడమీద పడ్డాక చెయ్యక చస్తానా అక్కా" అన్నాడు తాళాలాయన.

పెయింటరు కొట్టు లోపల రంగు కలుపుకుంటున్నాడు. నిచ్చెనక్క గోనెపట్టా పరిచి, నిచ్చెన నిలబెట్టి, అలవాటుగా కాలు తొక్కి నిలబడింది. మేనకోడలు కెమెరాలోంచి చూసి, గబగబా వచ్చి, మెల్లిగా చెప్పింది.

"అత్తయ్యా, ఏమీ అనుకోకు. మావయ్య ఒక్కడే కనిపిస్తే బాగుంటుంది. నువ్వు అవతల కూర్చో. నిచ్చెన కదలకుండా నేను కట్టేస్తాలే." వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కి వచ్చింది. "మాట కూడా వద్దు. గొంతు రికార్డయిపోతుంది."

పిల్ల తప్పుగా ఏమీ అనలేదు. మర్యాదగానే అంది. తాడు తెచ్చి నిచ్చెనని కిటికీ ఊచలకి బిగించి కట్టింది, ముడి కూడా గట్టిగానే వేసింది. నిచ్చెనక్క ఆ ముడినే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళ తన పని ఒక తాడుముక్క చేసేసింది! పైకి మాత్రం "అలాగేలేమ్మా" అని, వీధి దాటి, టీకొట్టు బల్లమీద మూతి ముడుచుకుని కూర్చుంది.

ఆయన రంగు డబ్బాతో బయటికి వచ్చాడు. తాడు చూసి "ఇదెందుకే అమ్మడూ?" అని మేనకోడల్ని అడిగితే "గాలి వస్తే కదలకుండా మావయ్యా" అంది. సరేనని ఎక్కాడు. పెళ్ళాం ఎక్కడా అని వెతకలేదు. వీపు వెనక గాలి ఉందా అని ఎవరైనా వెతుకుతారా?

మొదటి మాట చక్కగా పడింది. గొడుగుల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తేలిపోయింది. చాలాకాలం తర్వాత దొరికిన గోడ, పైగా సంతోషం, అక్షరాలకి ధారాళంగా చోటు పంచేస్తున్నాడు. బల్లమీద నుంచి నిచ్చెనక్కకి అంతా కనిపిస్తూనే ఉంది. వరస కూడా కిందకి జారుతోంది.

ఆయన బ్రష్షు ఎత్తి ఆగాడు.

ఆవిడ నోరు తెరిచింది. అవతల మేనకోడలు కెమెరా పక్కనుంచి చూసి, నవ్వుతూ పెదాలమీద వేలు పెట్టింది. నిచ్చెనక్క నోరు మూసుకుంది. ఆయన ముందుకి సాగాడు.

మళ్ళీ ఆగాడు. ఈసారి మేనకోడలు ఇటు చూడనే లేదు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ కోపం మొండికేసింది. తాడుని చెప్పమనండి, గట్టిగా కట్టారుగా, అనుకుంది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, మేనకోడలి మీద కోపం మొగుడి అక్షరాల మీద తీర్చుకుంది.

తాళాలాయన వచ్చి పక్కన చేరాడు. "అక్కా, చోటు చాలదేమో?"

"నాకేం తెలుసు? నేను సినిమాలో లేనుగా" అంది. అందే గానీ, చేతులు ఒడిలో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ఇప్పుడైనా అరవాలి అనుకునేసరికి 'బాగు' అయిపోయింది. ఇక అరిచినా ఏం లాభం? చివరి మాట పండగ రద్దీ బస్సులో జనంలా ఒకదానిమీద ఒకటి ఎక్కింది. ఆఖరి అక్షరం గీత దాటి కిందకి వేలాడింది.

ఆయన దిగాడు. నాలుగడుగులు వెనక్కి వేసి తలెత్తి చూశాడు. అలా చూస్తూ ఉండిపోయాడు.

ఆయన వీధి దాటి వచ్చి పెళ్ళాం ముందు నిలబడ్డాడు.

"చూడలేదా?"

"చూశాను."

"మరి?"

ఆవిడ బల్లమీద నుంచి లేచి నిలబడింది.

"నువ్వు ఊరుకున్నావు కదా" అన్నాడాయన, గొంతు పెంచకుండానే, "బాగుందనుకున్నాను."

తిట్టినా బాగుండేది. నాలుగు కేకలేస్తే తనూ నాలుగు వేసేది, సరితూగేది. ఈ మాటకి నిచ్చెనక్క నిలువునా కుంగిపోయింది. మేనకోడలు పరుగున వచ్చింది. "నేనే మావయ్యా, నేనే అత్తయ్యని మాట్లాడొద్దన్నాను. నాకు తెలియలేదు..."

"నువ్వు చెబితే చెప్పావు, నేను వినడమేమిటే?" అంది నిచ్చెనక్క. కళ్ళు తుడుచుకుంది. "పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాట విన్నాను గనక! అలిగాను. అంతే. ఆయన గోడ మీద అలిగాను."

రంగు ఇంకా పచ్చిగానే ఉంది. ఆయన గుడ్డ తీసి టర్పెంటైనులో ముంచాడు. "ఉంచెయ్యి మావయ్యా" అంది మేనకోడలు, "చేతిరాత అంటే కాస్త అటూ ఇటూ ఉంటేనే కదా అందం."

"నీకు అందమేనమ్మా. రేపు చూసేవాళ్ళు, ముసలాడికి చేతకాలేదు అనుకుంటారు" అని మళ్ళీ నిచ్చెన ఎక్కి అంతా తుడిచేశాడు. తాళాలాయన పట్టీకి ఇంకో పూత రంగు వేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నారు. ఎప్పుడూ వాగుతూ ఉండే మనిషి మజ్జిగ పోసేటప్పుడు కూడా మాట్లాడలేదు. ఆఖరికి ఆయనే అన్నాడు. "పిల్ల తాడు గట్టిగానే కట్టింది. పిసరంత కదల్లేదు. అయినా ఎందుకో ఇవాళ పైన భయమేసిందే."

ఆవిడ లేచి వెళ్ళి, కావలసిన దానికన్నా ఎక్కువసేపు గిన్నెలు కడిగింది.

మర్నాడు పొద్దున్నే మేనకోడలు తనే తాడు విప్పేసింది. కెమెరాని వీధికి అవతలికి, టీకొట్టు దగ్గరికి జరిపింది. గోడా, నిచ్చెనా, పైన ఆయనా, కింద ఈవిడా అంతా పట్టేలా పెట్టింది. "అత్తయ్యా, నీ ఇష్టం, ఎన్ని మాటలైనా మాట్లాడు. నీ గొంతు కూడా కావాలి" అని చిన్న మైకు ఒకటి ఆవిడకి తగిలించింది.

నిచ్చెనక్క కాలు తొక్కి నిలబడింది. పైన దారం టప్పుమంది. ఆయన బ్రష్షుతో దిగాడు గీతల మధ్యకి. మొదటి అక్షరం కాగానే బ్రష్షు ఎత్తి ఆగాడు. ఆవిడ నాలుగడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసి, మళ్ళీ వచ్చి కాలు తొక్కింది. మాట్లాడలేదు. ఆయన సాగాడు. ఇంకోటి. ఇంకోటి. తాళాలు అయ్యాయి, గొడుగులు అయ్యాయి. మైకులో వీధి చప్పుళ్ళు తప్ప ఏమీ పడటం లేదు. మేనకోడలు ఉండబట్టలేక దగ్గరికి వచ్చి గుసగుసలాడింది.

"ఏదైనా అను అత్తయ్యా, నిన్నటి కోపం ఇంకా పోలేదా?"

"కోపం లేదు, ఏమీ లేదు. అనడానికి ఏముందే, బాగుంటే?"

మేనకోడలు ఆవిడ ముఖంకేసి చూసింది, నిచ్చెన మీద ఆగి ఉన్న బ్రష్షుకేసి చూసింది. ఇక ఏమీ అడగకుండా వెనక్కి వెళ్ళి కెమెరా దగ్గర నిలబడింది.

చివరి అక్షరం దాని చోటులో అది కూర్చుంది. ముందు ఎంత ఖాళీ ఉందో వెనకా అంతే ఖాళీ. ఆయన బ్రష్షు ఎత్తి కాసేపు ఆగాడు. ఆవిడ ఎప్పటికన్నా దూరం వెళ్ళి, నడివీధిలో నిలబడి, ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. వచ్చి నిచ్చెన పట్టుకుంది.

ఆయన దిగాడు. దిగి, గోడకేసి తలెత్తకుండానే, కొట్టు మెట్టుమీద చతికిలబడి బ్రష్షు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

"మావయ్యా, కెమెరా ఇంకా నడుస్తోంది" అంది మేనకోడలు. "నీ ఆఖరి గోడ. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు."

"మళ్ళీ నేనెందుకమ్మా" అన్నాడాయన, బ్రష్షు కుచ్చు వేళ్ళతో పిండుతూ. "మీ అత్తయ్య చూసిందిగా."