వేరు పొయ్యి

మొదట్లో రంగప్ప చేతిలో ఉన్నవి ఏడు కాగితాలు, రెండు ఫొటోలు. రేషను కార్డు, వదిన వరమ్మ ఆధారు, అన్న చనిపోయినట్టు పంచాయతీ ఇచ్చిన పత్రం, బ్యాంకు పుస్తకం, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, వీటన్నిటినీ చూసి నింపాల్సిన కుటుంబ వివరాల ఫారం. అన్నీ పసుపు గుడ్డసంచిలో సర్దుకుని, రెండు రోజుల పని అని లెక్క వేసుకున్నాడు.

రంగప్ప లెక్క తప్పడం అరుదు. ముప్పై ఏళ్లుగా చింతపండు వ్యాపారం. పూత మీదున్న చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి ఇన్ని బస్తాలు దిగుతుందన్నాడంటే అన్నే దిగేవి. తమిళనాడులో కెలమంగలం నుంచి ఊత్తంగరై దాకా చెట్లున్న రైతులందరికీ ఆ సంగతి తెలుసు. అలాంటి మనిషికి ఆ ఒక్క ఫారం ఐదు నెలలు తిన్నది.

ప్రభుత్వం ఇచ్చే డబ్బు సంగతి ఎత్తింది వరమ్మే. భర్త పోయి ఇరవై రెండేళ్లు, పిల్లలు లేరు. అప్పటినుంచి మరిది ఇంట్లోనే ఉంది. రంగప్ప భార్య మునిరత్నమ్మ కొట్టంలో కూలివాళ్ల మధ్య కూర్చుని పండు ఒలిపిస్తే, ఇంటి వంటంతా వరమ్మ చూసుకునేది. ఆదరువు లేని ఆడవాళ్లకు నెలనెలా బ్యాంకులో డబ్బు పడుతుందని సంతలో ఎవరో చెప్పగా విని వచ్చింది.

"నీకు ఈ ఇంట్లో ఏం తక్కువైంది వదినా?" అన్నాడు రంగప్ప, తిన్న చెయ్యి కడుక్కోకుండానే.

"తక్కువేం లేదప్పా. అడిగేదే ఎక్కువైంది. వక్కాకుకు అడగాల, బస్సుకు అడగాల, మా చెల్లెలి మనవరాలి చేతిలో ఏమన్నా పెట్టాలన్నా నిన్నే అడగాల. నువ్వు ఇస్తావు, ఎప్పుడూ లేదనలేదు. అయినా అడగాల కదా."

మరుసటి రోజే రంగప్ప సంచి భుజాన వేసుకుని కెలమంగలంలో మాదేశ్ నడిపే కంప్యూటరు సెంటరుకు పోయాడు. వరమ్మ వెనకాలే నడిచింది.

మాదేశ్ కాగితాలన్నీ తిరగేసి పెదవి విరిచాడు. "రంగప్పన్నా, ఇది ఎక్కదు."

"ఏల ఎక్కదు?"

"ఈయమ్మ మీ కార్డులో ఉండాది. మీ పేరు మీద టెంపో ఉండాది. టెంపో ఉండే ఇంట్లో ఆదరువు లేని మనిషి ఎట్లుంటుందన్నా? కంప్యూటరు ఒప్పుకోదు."

"టెంపో నాది కదప్పా. ఆయమ్మది కాదే."

"టెంపో మీదే, ఆయమ్మా మీ ఇంటి మనిషే. అదే గదా చిక్కు. ముందు ఆయమ్మకు వేరే కార్డు తీయండి. ఆ తర్వాత ఈ ఫారం."

వేరే కార్డు తీయడానికి మళ్లీ ఇంకో ఫారం. వరమ్మకు ఫోను లేదు. కంప్యూటరు అడిగే ఓటీపీ అంకెలు వచ్చేది రంగప్ప ఫోనుకు. ఆమె సెంటరులో బెంచీ మీద కూర్చున్న రోజున అతను ఊత్తంగరై అవతల తోపులో, సిగ్నలు లేని చోట, చెట్టు దులిపిస్తున్నాడు. అతను ఫోను పట్టుకుని వచ్చిన రోజున సర్వరు లేదు. సర్వరు ఉన్న రోజున ఆధారులో పుట్టిన సంవత్సరం ఒకటి, కార్డులో ఇంకొకటి. అది సరిచేయడానికి క్రిష్ణగిరి పోయివచ్చేసరికి ఉద్దనపల్లి వైపు అతను కన్నేసి పెట్టిన పదకొండు చెట్లను ఇంకొకడు గుత్తకు పట్టేశాడు. సీజనులో ఒక రోజు పోతే వ్యాపారికి ఏడాదంతా కుంటినడకే.

"నా కాయ ఇంకొకడి బస్తాలో పడేదానికి నేనే దారి చూపించినట్లయింది," అని మాదేశ్ ముందు తల కొట్టుకున్నాడు.

"ఇంకొకటి మరిచినాను అన్నా," అన్నాడు మాదేశ్, తల ఎత్తకుండా. "వేరే కార్డంటే వేరే వంటిల్లు ఉండాల. ఆఫీసు నుంచి వచ్చి చూస్తారు."

"ఏడు కాగితాలు చూసినప్పుడు చెప్పలేదేల?"

"అప్పుడు అడగలేదు కదన్నా మీరు."

రంగప్ప వంశంలో పొయ్యి వేరయిందంటే ఇల్లు చీలిందని అర్థం. అన్నదమ్ములు భూమి పంచుకున్నా ఊరు పట్టించుకోదు. పొయ్యి పంచుకుంటే మాత్రం నాలుగు తరాలు చెప్పుకుంటుంది. సంగతి విన్న మునిరత్నమ్మ చేటను నేలకేసి కొట్టింది.

"రేపు ఊరేమంటుంది? అక్కను నేనే ఎళ్లగొట్టినానంటుంది. పేరు నాకు, ఫారం నీకు!"

"ఉత్త చూపించేదానికే. పొయ్యి పెట్టేది, వాళ్లు చూసి పోయినాక ఎత్తేసేది. గంపలో పైపొర మంచిగా పేర్చమా? అట్లే."

కొట్టం పక్కన వేరే వాకిలి ఉన్న చిన్న గది ఒకటి పాత గోనెసంచులతో నిండి ఉండేది. దాన్ని ఖాళీ చేయించి, సంతలో మట్టిపొయ్యి కొని పెట్టాడు. రెండు సత్తు గిన్నెలు, ఒక కంచం, ఉప్పుజాడీ. నిలబడి చూస్తే అచ్చం కాపురంలాగే ఉంది. రంగప్ప తనలో తానే మెచ్చుకున్నాడు.

పది రోజులకు ఆఫీసు నుంచి ఒకావిడ స్కూటీ మీద వచ్చింది. గది చూసింది, గోడ చూసింది, వంగి పొయ్యిలో వేలు పెట్టి తీసింది. వేలికి మసి లేదు.

"పొద్దున వంట చేశారా?" అని తమిళంలో అడిగింది.

"చేసింది మేడమ్," అన్నాడు రంగప్ప.

"ఏం వండారు?"

"రాగిముద్ద," అన్నాడు రంగప్ప. అదే క్షణాన, "అన్నం," అంది వరమ్మ.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. ఫోనులో ఏదో నొక్కుకుని వెళ్లిపోయింది. మూడో రోజున మాదేశ్ చదివి వినిపించాడు: ఒకే వంటిల్లు, తిరస్కరించడమైనది.

రంగప్పకు ఒళ్లు మండిపోయింది. అంతకంటే మండించేది ఇంకొకటి ఉంది. పండు కొనేటప్పుడు అతనూ అంతే, గంప అడుగుదాకా చెయ్యి పెట్టనిదే తూకం వేయడు. ఆ ఆఫీసరమ్మ చేసింది కూడా అదే. తనలాంటి మనిషి చేతిలోనే తను పట్టుబడ్డాడు. తిట్టడానికి కూడా న్యాయం లేకపోయింది.

"మళ్లీ పెట్టించుదాం వదినా. ఈసారి మసి పట్టాల. నెల దినాలు నువ్వు ఆడనే వండుకో."

"నా ఒక్కదానికా?"

"నీ ఒక్కదానికే. రెండు ఇండ్ల వంటా ఒక చేత్తో చేసేది వాసన పట్టేస్తుంది ఆ ఆఫీసరమ్మ."

మునిరత్నమ్మ వంటకు దిగింది. ఒలిచే పని వదిలి పరుగున వచ్చి వండేది, పరుగున పోయేది. ముద్దలో ఉండలు తేలేవి. చారులో ఉప్పు ఒకరోజు అలిగేది, మరుసటి రోజు ఆ బాకీ కూడా తీర్చేది. రంగప్ప ఏమన్నా అంటే, "ఫారం నింపుకో, దాంట్లో ఉంటుంది రుచి," అనేది.

ఆ గదిలో మాత్రం పొయ్యి తీరుగా మండుతూ ఉంది. ఇరవై రెండేళ్లుగా వరమ్మ ఇంట్లో అందరికీ నచ్చింది వండింది. రంగప్ప ఒంటికి వేడి చేస్తుందని ఉలవలు ఆ ఇంటి గడప తొక్కలేదు. ఇప్పుడు ఉలవచారు రెండు రోజులకొకసారి కాగుతోంది. తెల్లగడ్డ పాయలు దంచి వేసిన పోపు వాసన కొట్టం దాటి, చింతపండు పులుపు వాసనను కూడా దాటి వచ్చేది. వరమ్మ గడప మీద కూర్చుని, కంచం ఒళ్లో పెట్టుకుని, తొందర లేకుండా తినేది. ఆమె కూర్చుని తినడం రంగప్ప అంతకుముందు చూసినట్టు గుర్తులేదు.

ఇరవై రోజులు ఓర్చుకున్నాడు. ఇరవైయొకటో రోజు మధ్యాహ్నం, మునిరత్నమ్మ రాయకోటకు పోయిన సందు చూసుకుని, గది వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమప్పా, లెక్క చూసేదానికి వచ్చినావా?"

"వాసన చూసేదానికి వచ్చినాను వదినా."

"నీకు వేడి చేస్తుంది కదా?"

"చేస్తే చెయ్యనీ. ఈ ఫారంతో ఉండే వేడికంటే ఎక్కువ చేస్తుందా?"

వరమ్మ నవ్వి పీట వేసింది. ఉన్నది ఒకటే కంచం కాబట్టి అతనికి కంచంలో పెట్టి, తను గిన్నె ముందు పెట్టుకుంది. రంగప్ప రెండో ముద్దకు చెయ్యి చాచాడు. బయట స్కూటీ ఆగింది.

దాక్కోవడానికి ఆ గదిలో చోటు లేదు. మింగడానికీ, కక్కడానికీ కాని ముద్ద గొంతులో ఉండగా ఆఫీసరమ్మ గుమ్మంలో నిలబడింది. కంచం వైపు చూసింది, రంగప్ప వైపు చూసింది. మూడు నెలల తిరుగుడు, పదకొండు చెట్లు, అన్నీ ఆ కంచంలో మునిగిపోయాయని అతనికి తెలిసిపోయింది.

"అంటే ఒకే పొయ్యి," అంది ఆమె.

రంగప్ప నోరు తెరిచే లోపల వరమ్మ లేచింది. ఆమె తమిళం సంత తమిళం, కానీ తడబడలేదు.

"ఒకే పొయ్యి కాదమ్మా. ఈ పొయ్యి నాది. ఈయప్ప మా మరిది, ఈ పూట నా ఇంటికి వచ్చినాడు. వచ్చిన మనిషికి ముద్ద పెట్టకుండా పంపిస్తారా యాడైనా? మీరూ ఎండలో వచ్చినారు. కూర్చోండి."

ఆఫీసరమ్మ కూర్చోలేదు. పొయ్యిలో వేలు పెట్టింది. ఈసారి వేలు నల్లగా వచ్చింది. ఉలవల డబ్బా మూత తీసి చూసింది, గోడ మీది పొగ మరక చూసింది. ఆ తర్వాత నేరుగా పెద్దింటి వంటింట్లోకి పోయి, అక్కడ ఆరిపోయిన గ్యాసు పొయ్యినీ, మూత పెట్టిన చారునూ చూసింది. గరిటె తిప్పి వాసన చూసి, తిరిగి వచ్చింది.

"రెండు వంటలూ ఒక చేతివి కావు," అని ఫోనులో నొక్కింది.

గొంతులో ముద్ద అప్పుడు దిగింది. దిగుతూనే ఎక్కడో గుచ్చుకుంది. ఇల్లు కట్టించింది తను. గది తనది, పొయ్యి తను కొన్నది. ఆ గదిలో తను చుట్టం అయ్యాడు. ఆ మాట అబద్ధమని చెప్పడానికి ఆధారం ఏదీ దొరకలేదు.

వేరే కార్డు రావడానికి నెలన్నర పట్టింది. చివరికి మొదటి ఫారం మళ్లీ మాదేశ్ బల్ల మీదికి వచ్చింది. అన్ని గళ్లూ నింపాక అడుగున ఒక వాక్యం మిగిలింది. ఈమెను పోషించేవారు ఎవరూ లేరని దగ్గరి బంధువు సంతకం చేయాలి.

"ఎవరూ లేరా?" రంగప్ప గొంతు లేచింది. "ఇరవై రెండేళ్లు ఈయమ్మ గాలి తిని బతికిందా? ఈ మాట రాసినోడు యాడుండాడు, పిలువు!"

"నేనేం రాయలేదన్నా. గడి ఉండాది, నింపాల."

వరమ్మ బెంచీ మీద పసుపు సంచి పట్టుకుని కూర్చుని ఉంది. రంగప్ప పెన్ను పట్టుకుని అలవాటుగా లెక్క మొదలుపెట్టాడు. రోజుకు రెండు పూటలు, ముగ్గురికి వంట, పండగలకు ఒలిచే కూలివాళ్లకు కూడా. ఇరవై రెండేళ్లు. వంటమనిషిని పెట్టుకుని ఉంటే ఎంతయ్యేది, ఈమె తిన్నది ఎంత... ఎవరు ఎవరిని పోషించారో తేలేలా ఉందనిపించి, ఆ లెక్క పూర్తి కాకముందే సంతకం పెట్టేశాడు.

ఆషాఢంలో డబ్బు పడింది. వరమ్మ బ్యాంకు నుంచి ఒక్కతే బస్సులో తిరిగి వచ్చింది. చేతిలో వక్కాకు పొట్లం ఉంది.

"ఇంక పని అయిపోయింది కదా వదినా," అన్నాడు రంగప్ప. "పొయ్యి ఎత్తేద్దామా? మునిరత్నకూ కష్టంగా ఉండాది."

"ఏడాదికొకసారి మళ్లీ చూసేదానికి వస్తారంట కదప్పా. ఉండనీలే," అంటూ వరమ్మ గదిలోకి పోయి చేట ముందు పెట్టుకుని ఉలవల్లో రాళ్లు ఏరడానికి కూర్చుంది.

వాళ్లు వచ్చేదానికి ఇంకా ఏడాది ఉందని ఇద్దరికీ తెలుసు. రంగప్ప కొట్టం గడప మీద కూర్చుని ఆఖరి లెక్క చూసుకున్నాడు. కెలమంగలానికి పదిహేడు తిరుగుళ్లు, క్రిష్ణగిరికి నాలుగు. పోయినవి పదకొండు చెట్లు, ఇంట్లో మంచి చారు. వదినకు వచ్చింది ఒక కార్డు, ఒక పొయ్యి, ఎవరినీ అడగక్కరలేని నెల డబ్బు. తనకు మిగిలింది ఉలవచారు కాగిన రోజున ఒక ముద్ద.

అదీ ఆమె పిలిస్తే.