హ్లాంజానా వాగు తెల్లబట్ట కట్టింది

మీరే చేశారు. మున్సిపాలిటీ నీళ్ల శాఖలో కుర్చీలు అరగదీస్తున్న పెద్దమనుషులారా, మీరే. హైస్కూలు గోడ పక్కనున్న మురుగు మ్యాన్‌హోల్ మూత చలికాలం మొదట్లోనే లేచిపోయింది, కింద గొట్టం పగిలింది. ఫోన్ చేశాం. వచ్చారు, ఫోటో తీసుకున్నారు, పోయారు. అప్పటినుంచి మా వీధుల మురుగంతా హ్లాంజానా వాగులోకి దిగుతోంది. మీ పిల్లలు ఆ వాగు మొహం చూడరు. మా పిల్లలు అందులో నిలబడి చదువుకుంటారు. గురువారం గురువారం వాళ్లకు వాగు పాఠం చెప్పేది నేనే. ఏం జరిగిందో చెప్తాను, వినండి.

వాగు పాఠానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. జల్లెడ, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలు, మోకాళ్ల పైకి మడిచిన యూనిఫాం. పదో తరగతి పిల్లలు నీళ్లలో దిగి, రాయిని మెల్లగా తిప్పి, దాని పొట్టకు కరుచుకుని ఉన్నవాటిని తెల్ల డబ్బాలోకి కడుగుతారు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడకూడదు. నీళ్లు తేరుకునేదాకా చూస్తూ ఉండాలి. మొదట ఏమీ కనపడదు. ఆకాశం ఉంటుంది, అందులో మన ముఖం ఉంటుంది. ఉన్నట్టుండి మన చెంప మీద ఒక ఇసుకరేణువు నడుస్తుంది. అది ఇసుక కాదు. ఇసుకతో గూడు కట్టుకుని, దాన్ని వీపున మోసుకు తిరిగే పురుగు. దాని వెనక మూడు తోకల పురుగు, ఒంటికి రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు ఆడిస్తూ. ఆ వెనక రెండు తోకల రాతి ఈగ పిల్ల. మురుగు కాస్త తగిలితే ముందు చచ్చేది అదే. అది బతికుందంటే ఆ నీళ్లలో మురుగు కలవలేదని అర్థం.

స్కూలుకు ఎగువన, పొగమంచు దిగే గడ్డి వాలులో ఇవన్నీ ఉన్నాయి. దిగువన, వంతెన కింద మడుగులో ఎర్ర పురుగులూ జలగలే మిగిలాయి. మడుగు మీద మాత్రం తెల్లగా, మెత్తగా, ఎండలో రంగులు తిరుగుతూ నురగ. దూరం నుంచి చూస్తే మబ్బు దిగి నీళ్లలో పడుకుందా అనిపిస్తుంది.

ఆ గురువారం పిల్లలంతా గట్టెక్కినా నొక్‌వాజి అనే పిల్ల ఒక్కతే ఆ నురగ చూస్తూ ఉండిపోయింది.

"సిసీ, ఆదివారం మా గోగోని ముంచేది ఇక్కడే" అంది.

సిసీ అంటే అక్క, పిల్లలు నన్ను పిలిచేది అలాగే. గోగో అంటే ఆ పిల్ల నాయనమ్మ, మాజోండి. నొక్‌వాజిని పెంచింది ఆవిడే. షుగరు వల్ల ఆవిడ పాదం మీద పుండు ఎన్నాళ్లుగానో మానడం లేదు. బాప్తిస్మం తీసుకుంటే మానుతుందని ఆశ. మా జూలూల జియోను చర్చిలో బాప్తిస్మమంటే పారే నీళ్లలో మూడుసార్లు నిండా ముంచడం. అంతకుముందు పొట్ట నిండా అవే నీళ్లు తాగించి కక్కిస్తారు, లోపలి చెడు పోవాలని.

"పుండుతో ఆ మడుగులో దిగితే?" అని అడిగింది నొక్‌వాజి. పాఠం చెప్పింది నేనే కదా, జవాబు దానికీ తెలుసు. "కాలు పోతుంది. ప్రాణమే పోవచ్చు" అన్నాను.

మర్నాడు నేనూ ఇద్దరు పిల్లలూ రెండు డబ్బాలు పట్టుకుని మాజోండి ఇంటికి పోయాం. ఒకదాంట్లో ఎగువ నీళ్లు, ఇంకోదాంట్లో మడుగు నీళ్లు. మా చర్చి ప్రవక్త బాబా షెజీ అక్కడే ఉన్నాడు, టీలో రొట్టె ముంచుకు తింటూ.

"ఏంట్రా, నా ఇంటికి మురికినీళ్లు మోసుకొచ్చారు?" అంది మాజోండి.

"కూర తెచ్చామనుకున్నావా గోగో?" అన్నాడు బోంగుముసా, మా క్లాసులో నోరాగనివాడు.

"నీ మొహానికి కూర కూడానా? అక్కడ పెట్టి నోర్మూసుకో."

నేను బాబాతో సూటిగా చెప్పాను. "బాబా, ఆదివారం ఆ మడుగు వద్దు. అది సబ్బు నురగ. పైన మురుగు మూత లేచిపోయింది."

"నాకు కలలో వాగు కనపడింది. తెల్ల అంగీ తొడుక్కుని నా ముందు నిలబడింది. తెల్లారి పోయి చూస్తే నిజంగానే తెల్లగా ఉంది. మూతల సంగతి నీది సిసీ. కలల సంగతి నాది."

"కలకి వాసన రాలేదా బాబా?" అన్నాడు బోంగుముసా. నొక్‌వాజి వాడి డొక్కలో పొడిచింది.

నవ్వకండి. మా చర్చివాళ్లు తొడిగే తెల్ల అంగీ అంటే శుద్ధి. నురగ వచ్చినప్పటినుంచీ జనం దాన్ని సీసాల్లో పట్టి గుమ్మాల మీద చల్లుకుంటున్నారు. మీ మురుక్కి మేం దణ్ణం పెట్టుకుంటున్నాం, తెలుసా?

మాజోండి మాత్రం ఎగువ డబ్బాను ఒళ్లో పెట్టుకుంది. నీళ్లు తేరుకున్నాయి. ఆవిడ ముఖం అందులో ఊగి, ఊగి, నిలబడింది. గూడు మోసే పురుగు ఆ ముఖం మీదుగా, నుదుటినుంచి గడ్డందాకా, తొందరేం లేనట్టు నడిచింది. ఆవిడ వేలు ముంచింది. మూడు తోకల పురుగొకటి వేలెక్కి కూర్చుని మొప్పలు ఆడించింది. టీ చల్లారింది. కోళ్లు వచ్చి పోయాయి. ఆవిడ ఆ డబ్బాలో ఎక్కడికో పోయింది, చిన్నప్పుడు నీళ్లు మోసిన ఏ ఒడ్డుకో మరి.

తర్వాత రెండో డబ్బా చూసింది. "దీంట్లో వాళ్లేరీ?" అని అడిగింది. పురుగులు అనలేదు, 'వాళ్లు' అంది.

"లేరు గోగో" అంది నొక్‌వాజి. "చచ్చిపోయారు."

మాజోండి బాబా వైపు తిరిగింది. "బాబా, నీ కల నిజమే. తెల్లబట్టే చూశావు. దాని కింద ఎవరున్నారో ఎత్తి చూడలేదు. మనం శవం మీద కప్పేదీ తెల్లబట్టే కదా."

బాబా షెజీ చేతిలోని రొట్టె టీలో పడింది. తీసుకోలేదు. రెండో డబ్బా దగ్గరికి లాక్కుని వాసన చూసి, "పైకి పోదాం" అన్నాడు. అంతే.

ఆదివారం పొద్దున్నే పొగమంచు. ఆకుపచ్చ నడికట్ల తెల్ల అంగీలు, డప్పు కొట్టుకుంటూ వాలెక్కాయి. మంచులో మనుషులు కనపడలేదు, పచ్చటి నడికట్లు మాత్రం గాలిలో తేలుతూ పోయాయి. మాజోండిని బోంగుముసా ఒంటి చక్రం బండిలో తోశాడు.

"మెల్లగా రా వెధవా, బంగాళదుంపల మూట కాదు."

"దుంపలు తిట్టవు గోగో."

పుండు తడవకుండా కాలికి నొక్‌వాజి ప్లాస్టిక్ రొట్టె కవరు బిగించి కట్టింది. పురుగులున్నంత మాత్రాన తాగొచ్చని నేను పాఠంలో చెప్పలేదు. అందుకే కాచి చల్లార్చిన నీళ్లు సీసాలో తెచ్చాం. బాబా వాటి మీదే ప్రార్థన చేసి తాగించాడు.

ఎగువ మడుగు మోకాలి లోతు. మనుషులు దిగే చోట రాళ్లను పిల్లలు ఒక్కోటీ ఎత్తి, పురుగులతో సహా పక్క పాయలో పెట్టారు. మాజోండిని మంచం మీద పడుకోబెట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టారు. తల నొక్‌వాజి చేతుల్లో ఉంది. మూడుసార్లు నీళ్లు ఆవిడ ముఖం మీద మూసుకుని, మూడుసార్లు తెరుచుకున్నాయి. లేచి, పళ్లు టకటకలాడుతుంటే నవ్వింది. "వీపు కింద ఎవరో నడిచారే!" అంది.

ఆవిడ కాలి పుండు ఇంకా ఉంది. సోమవారం నుంచి నొక్‌వాజి దగ్గరుండి క్లినిక్‌కి తీసుకుపోతోంది. చెడలేదు, అది చాలు.

కానీ బాప్తిస్మానికి ఇంకా చాలామంది ఉన్నారు, రెండో మనిషి దిగేసరికే ఆ చిన్న మడుగు బురదయింది. బాబా కర్ర ఎత్తి ఆపేశాడు. "ఇది వాళ్ల ఇల్లు. మనమంతా దిగితే తొక్కి చంపుతాం. మన చోటు కింద ఉంది, అది బాగయ్యేదాకా ఆగండి" అన్నాడు. ఇస్త్రీ చేసుకున్న తెల్ల అంగీలు తడవకుండానే వాలు దిగి, మంచులో కలిసిపోయాయి. వాళ్లంతా మీ కోసం ఎదురు చూస్తున్నారు. అవును, మీ కోసమే.

కమిటీ వేయొద్దు. మళ్లీ ఫోటో తీయొద్దు. పగిలిన గొట్టం మార్చండి. వంతెన దగ్గర హెచ్చరిక బోర్డు పెట్టండి, ఇంగ్లీషులో కాదు, మా జూలూలో, మాజోండి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో. వానలు పడకముందే, ఈ వారమే రండి. ముందు ఆ మూత వేయండి. మాటలేమైనా ఉంటే తర్వాత.