లాలాపేట్‌లో పది నిమిషాలు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, సన్నీ ఎక్కిన స్కూల్ వ్యాన్‌కు దారిలో ఏదన్నా అయితదని. వాడికి నాలుగేళ్లు. పొద్దున వాడిని ఎక్కించినంక, పొయ్యి మీద పోపు మాడుతున్నా ఫోన్‌లో మ్యాపు మీద కదిలే ఆ బండి చుక్కనే చూస్తుంట. ఉప్పల్ దాటింది, నాచారం చేరింది, బడి ముందు ఆగింది.

మా ఆయన దయాకర్‌వి అసుమంటి వ్యాన్లు పదకొండు. ఏది ఎంత తిరిగింది, ఎంత డీజిల్ తాగింది, ఎక్కడ ఊరికే ఆగింది, అన్నీ చూసి రాసిపెట్టేది నేను. జీతం లేదు. "ఇంట్ల కూసొని ఫోన్ నొక్కుడు గూడ ఒక పనేనా?" అంటది అత్తమ్మ. ఇంటర్ సగంలో ఆపిచ్చి పెండ్లి చేసిన్రు కదా, నాకూ అది పని అనిపించకపోయేది.

డీజిల్ ఖర్చు ఎట్ల తగ్గించాలని ఆయన తల పట్టుకున్న రోజు నేనే చెప్పిన, మూడో నంబర్ బండి పిల్లల్ని దింపినంక దినాం లాలాపేట్ పోయి పది నిమిషాలు ఆగి వస్తున్నదని.

"అబ్బో, మా సరిత ఇంజనీరైంది!"

ఆరేళ్లలో మొదటి మెచ్చుకోలు. ఆ రోజు అంట్లు తోముతున్నా హాయిగనే ఉండె, అబద్ధమెందుకు.

ఆ బండి నడిపేది నీలవేణక్క. మా డ్రైవర్లలో ఒక్కతే ఆడమనిషి. సన్నీ పోయేది ఆమె బండిలోనే. మర్నాటి నుంచి లాలాపేట్ బంద్.

మూడు వారాలకు, సన్నీని ఎక్కిస్తుంటే చూసిన, ఆమె స్టీరింగ్ మీద నుదురు ఆనిచ్చి కండ్లు మూసుకున్నది.

"జరమొచ్చిందా అక్కా?"

"ఏం జెప్పాలె సెల్లె, ఉచ్చల మంట. మూడు వారాల సంది పొద్దుగాల నీళ్లు తాగుతలేను. తాగితే ఏడ దిగాలె? బడి గేటు లోపటికి డ్రైవర్లను రానియ్యరు. లాలాపేట్ల మా సిన్నమ్మ ఇంటికి పోయొస్తుంటి. ఎవలో జెప్పిన్రంట, మీ సారు గదీ బంద్ జేసిండు."

ఆ ఎవలో నేనే అని చెప్పలేకపోయిన. ఇప్పటికీ చెప్పలే. కాలేజీలో బాత్రూంకు ఎప్పుడూ తాళమేనని, పొద్దంతా గొంతు తడుపుకోకుండా పాఠం విన్నదాన్ని నేను. ఆగిన చుక్క ఎందుకు ఆగిందో నాకే తట్టకపోతే ఇంకెవరికి తడుతది?

ఆమెను దిగమని, వేరే డ్రైవర్‌ను పిలిపించి, దవాఖానాకు పంపిన. ఆయన మండిపడ్డడు. "గింత దానికే ట్రిప్పు లేట్ జేపిస్తవా? మొగోళ్లు ఏమన్న అంటున్నరా?"

"వాళ్లకు గోడ కనబడితే చాలు."

అత్తమ్మ నోరు మూసుకోమన్నది. మూసుకునే, ఆ సాయంత్రం మూడో నంబర్ రూట్ కాయితంలో లాలాపేట్ స్టాప్ రాసిన, పది నిమిషాలు.

"ఆడ ఎవరెక్కుతరే?" అన్నడాయన.

"ఎవరూ ఎక్కరు. డ్రైవర్ దిగుతది."

రేపు ఆయన ఆ స్టాప్ కొట్టేస్తడేమో. కొట్టేస్తే మళ్లీ రాస్త. కానీ నాకు కనబడేవి పదకొండు బండ్లే. మీ పిల్లల వ్యాన్ నడిపేది ఆడమనిషైతే, రేపు పొద్దున ఒక్క నిమిషం నిలబడి అడగండి, దారిలో ఆమె ఎక్కడ దిగుతదో.